అవ్వకొండ పొరలు

సునేత్రుడు చెప్పిన మాటకి ఊళ్ళో పెళ్ళి ఆగిపోయింది.

ఆగిపోవాలనే చెప్పాడు. కానీ పెళ్ళికూతురు అంతలా ఏడుస్తుందని అనుకోలేదు.

ఆ ఊరు తూర్పు సముద్రంలో ఒక దీవి మీద ఉంది. ఓడలు ఎప్పుడో గానీ అటు రావు. దీవి అంటే మరేం లేదు, నీళ్ళలోంచి లేచిన ఒకే ఒక్క కొండ. కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, కళ్ళంలో వడ్లు రాశి పోసినట్టు ఉంటుంది. కొసన ఎప్పుడూ కాస్త పొగ. వెనకటికి పడవల మీద వచ్చి అక్కడ స్థిరపడినవాళ్ళు దానికి అవ్వకొండ అని పేరు పెట్టుకున్నారు. లోపల నిప్పు ఉందని వాళ్ళకి తెలుసు. పొగ ఎక్కువైతే "అవ్వ పొయ్యి రాజేసింది" అనుకుంటారు. బూడిద కాస్త రాలితే "అవ్వ దగ్గింది" అనుకుంటారు. అనుకుని, ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు.

కొండ నడుమ ఒక ఆకుల పాకలో గుణరక్షితుల వారని ఒక బౌద్ధ భిక్షువు ఉండేవారు. సునేత్రుడు ఆయన శిష్యుడు. పొద్దున్నే ఊళ్ళోకి దిగి ఇద్దరికీ భిక్ష తెచ్చేది అతనే.

ఆ సునేత్రుడికి ఒక పిచ్చి పట్టుకుంది. మంచి పిచ్చే.

పాక వెనక వాన నీళ్ళు కోసుకుపోయి లోతుగా ఒక వాగు పడింది. వాగు గట్టు నిలువునా తెగి ఉంటుంది. పాత మట్టిగోడ పెచ్చు ఊడితే, ఏటేటా అలికిన పూతలన్నీ ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి చూడండి, అక్కడ కొండ లోపలి పొరలు అలా కనిపిస్తాయి. ఒక చోట పాకంలా కారి గడ్డకట్టిన నల్లరాయి. దాని మీద బూడిద. దాని మీద బురదతో కలిసి జారిన గుండ్లు. మళ్ళీ నల్లరాయి, మళ్ళీ బూడిద. ఇంకో చోట తెల్లటి రాళ్ళ పొర ఉంది. ఆ రాయి చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు, నీళ్ళలో వేస్తే తేలుతుంది.

రోజూ వెళ్ళి చూసేవాడు. గోకేవాడు, వాసన చూసేవాడు. ఒకరోజు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"గురువుగారూ! ఇక్కడ కొండ ఉండి అది పేలడం కాదండీ. పేలి పేలి కొండ అయింది! కక్కిందంతా తన మీదే పోసుకుని ఇంత ఎత్తు పెరిగింది!"

గురువుగారు దుంపలు కడుగుతున్నారు. కడగడం ఆపి చిన్నపిల్లాడిలా నవ్వారు.

"ఎంత బావుందయ్యా! మళ్ళీ చెప్పు."

సునేత్రుడు మళ్ళీ చెప్పాడు. ఆ రోజంతా ఇద్దరికీ అదే మాట.

అక్కడితో ఆగితే బావుండేది.

రాయికీ బూడిదకీ నడుమ ఉత్త మట్టి పొరలు కూడా ఉన్నాయి. కొండ కక్కడం ఆపాక వాన పడి, పాచి పట్టి, గడ్డి మొలిచి, చెట్లు పెరిగి, ఆకు రాలి కుళ్ళి, అదంతా మట్టి అయింది. మట్టి ఎంత మందం ఉంటే అవ్వ అంతకాలం పడుకుందన్న మాట. సునేత్రుడు ఆ పొరలన్నీ జానతో కొలిచాడు. ఎంత మందం పొర అయినా మూరెడు దాటలేదు. తర్వాత గట్టు అంచున, ఇప్పుడు గడ్డి మొలిచి ఉన్న పై మట్టిని కొలిచాడు.

మూరెడు ఉంది.

అవ్వ నిద్ర అయిపోయిందన్న మాట!

గురువుగారితో చెప్పాలి కదా. చెప్పలేదు. తెల్లారి భిక్షకి వెళ్ళినప్పుడు ఊళ్ళో చెప్పేశాడు. ఇళ్ళు కట్టొద్దన్నాడు, గింజ చల్లొద్దన్నాడు, పెళ్ళిళ్ళు పెట్టుకోవద్దన్నాడు. అంతకు ముందు రోజు దాకా గిన్నెలో అన్నం వేసి లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు, ఆ రోజు చాప పరిచి కూర్చోబెట్టారు. "ఇంకా చెప్పండి సామీ" అన్నారు. మగాళ్ళు వల అల్లడం ఆపి విన్నారు. అతనికి అది బాగానే ఉంది. ఇంకాస్త చెప్పాడు.

ఆ చెప్పడం వెళ్ళి సంపెంగి నెత్తిన పడింది.

సంపెంగికి తల్లీ తండ్రీ లేరు. అమ్మమ్మ రేవమ్మ పెంచింది. పక్క దీవి నుంచి పగడాలు అనే కుర్రాణ్ణి ఇల్లరికం తెచ్చుకుంటున్నారు. పెళ్ళివారు పడవల మీద వచ్చి ఒడ్డున దిగారు కూడా. గాలి మళ్ళేలోపు పెళ్ళి చేసి వాళ్ళు తిరిగి వెళ్ళిపోవాలి. గాలి మళ్ళిందంటే సముద్రం మీద పడవ వెయ్యడానికి ఉండదు. ఇప్పుడు కాకపోతే మళ్ళీ ఏడాదికే. ఏడాదికి ఎవరు ఎవరి కోసం ఆగుతారు?

పగడాలు మేనమామ కొమరన్నకి ఈ కబురు చెవిన పడగానే పడవలు దింపమన్నాడు.

"నా మేనల్లుణ్ణి తీసుకెళ్ళి నిప్పుల కుంపటి మీద కూర్చోబెడతానా? పిల్ల ఎంత బంగారమైనా సరే, నాకొద్దు."

దాంతో రేవమ్మ అందరినీ వెంటేసుకుని, రొప్పుకుంటూ కొండెక్కి పాక దగ్గరికి వచ్చింది. వెనకాల సంపెంగి, కళ్ళు వాచిపోయి. ఆ వెనకాల పగడాలు, అతని రెక్క పట్టుకుని కొమరన్న. ఊళ్ళోవాళ్ళు చాలామంది వచ్చారు.

రేవమ్మ గురువుగారికి దండం పెట్టింది. సునేత్రుడికి పెట్టలేదు.

"సామీ, మీ శిష్యుడు అవ్వ కడుపులో ఏముందో చూసొచ్చాడంట. నా మనవరాలి కడుపులో నిన్నటి నుంచి గంజి నీళ్ళు కూడా లేవు. పెళ్ళి ఉందా లేదా, మీ నోటితో ఒక్క మాట చెప్పండి. పోతాం."

గురువుగారు సునేత్రుడి వైపు చూశారు. సునేత్రుడు తల దించుకున్నాడు. కోప్పడతారేమో అనుకున్నాడు.

"నాయనా, నువ్వు చూసింది నాకూ చూపించు" అన్నారు ఆయన. "వీళ్ళకీ చూపించు. ఇంత దూరం ఎక్కి వచ్చారు."

అందరూ వాగులోకి దిగారు.

మొదట్లో సునేత్రుడు మాటలు తడబడ్డాడు. కానీ పొరల దగ్గరికి వచ్చేసరికి తన పిచ్చి తనది. అన్నీ మర్చిపోయాడు. ఇదిగో ఇక్కడ రాయి పాకంలా కారింది, ఇదిగో దాని వేడికి కింద మట్టి కుండ కాలినట్టు ఎర్రగా కాలింది, ఇది బొగ్గయిన చెట్టు మొదలు, పట్టుకు చూడండి అంటూ చూపించాడు. జనం మూగారు. తేలే రాయి చేతులు మారింది. కొమరన్న దాన్ని నాలుక మీద కూడా పెట్టి చూశాడు.

"ఈ తెల్ల పొర ఉంది చూశారా, ఇది అన్నిటికన్నా పెద్దది" అన్నాడు సునేత్రుడు. "అప్పట్లో అవ్వకి ఇంకా పెద్ద తల ఉండేది. ఆ తలంతా ఎగిరిపోయింది. ఇప్పుడు మనకి కనిపించేది, ఆ గుంటలో మళ్ళీ మొలిచిన కొత్త తల."

"నాకూ ఉండేదిలే ఇంత జడ" అంది రేవమ్మ. "అది మళ్ళీ మొలవలేదు."

జనం గొల్లున నవ్వారు. అంత ఏడుపులోనూ సంపెంగి పెదవుల మీద కాస్త నవ్వు కదిలింది.

అప్పుడు సునేత్రుడు గట్టు అంచుకి ఎక్కి, పై మట్టి మీద చెయ్యి ఆనించి, మూర కొలిచి చూపించాడు. కింది పొరలు కూడా కొలిచి చూపించాడు. లెక్క ఎవరికైనా తెలిసిపోయేలా ఉంది. నవ్వులు ఆగిపోయాయి.

"ఇంకేముంది, కళ్ళతో చూశాం" అన్నాడు కొమరన్న. "పదరా పగడాలూ. పడవ దింపుదాం."

"నేను రాను మావా."

"రాకేం చేస్తావురా? బూడిదలో వేగుతావా?"

"వేగితే వేగుతాను."

"నోర్ముయ్. మీ అమ్మకి నేనేం చెప్పాలి?"

సంపెంగి ఎవరి వైపూ చూడలేదు. పైట చెంగు నోట్లో కుక్కుకుంది.

గురువుగారు అంతవరకు పొరలే చూస్తున్నారు. గట్టుకి ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి నిలబడి ఉన్నారు.

"అంతా బాగా చదివావు నాయనా" అన్నారు. "రాయి చదివావు, బూడిద చదివావు. ఇదిగో ఈ మట్టి పొర ఉందే, ఇదెంత?"

"జానెడు గురువుగారూ."

"ఇందులో ఏముంది?"

"ఏముంటుందండీ, మట్టే."

"కొలిచావు కదా."

"కొలిచానండీ."

"తవ్వావా?"



గురువుగారు చీవరం మోకాళ్ళ పైకి ఎగదోపుకున్నారు. దుంపలు తవ్వే కర్ర తెచ్చుకుని, ఆ జానెడు మట్టిలో పొడవడం మొదలుపెట్టారు. మట్టి రాలింది. మట్టితో పాటు నల్లగా మసి పట్టిన రాయి ఒకటి రాలింది. పక్కనే అలాంటిదే ఇంకోటి.

"పొయ్యి రాళ్ళు" అంది జనంలోంచి ఒకావిడ.

గురువుగారు కర్ర సునేత్రుడి చేతికిచ్చి పక్కకి తప్పుకున్నారు.

సునేత్రుడు తవ్వాడు. శంఖాన్ని కోసి చేసిన చేతిగాజు ముక్క వచ్చింది. మాడిన గింజలు పిడికెడు వచ్చాయి. కింది పొరలోనూ తవ్వాడు. అక్కడ చేప ముళ్ళు, వలకి కట్టే గుండు. తవ్వేకొద్దీ అతని ముఖం మారిపోతోంది. ఇన్నాళ్ళూ ఈ పొరల మీద జాన వేసి కొలిచాడు గానీ, ఒక్కసారి వేలు పెట్టి చూడలేదు.

ఇంకో సంగతి కూడా కంటపడింది. మట్టి నడుమ వెంట్రుకంత సన్నగా బూడిద గీతలు. కొలవడానికి కూడా చాలవని వాటిని ఎప్పుడూ పట్టించుకోలేదు. ఎన్నో ఉన్నాయి. గీతకి కింద చేప ముళ్ళు, గీతకి పైన చేప ముళ్ళు. అవ్వ దగ్గినా వాళ్ళ వంట ఆగలేదన్న మాట.

అంతలో అరచేయంత కుండ పెంకు ఒకటి ఊడి వచ్చి రేవమ్మ కాళ్ళ దగ్గర పడింది. ఆవిడ తీసి చెంగుతో తుడిచింది. తుడిచి కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

"ఒసే సంపెంగీ! ఇటు రావే!"

పెంకు మీద వరసగా తెల్లటి సున్నం చుక్కలు. మాసిపోయాయి గానీ తెలుస్తున్నాయి.

"ఇది పెళ్ళి కుండే!" అంది రేవమ్మ. గొంతు ఒక్కసారి పెద్దదైపోయింది. "చూశారా సామీ? పెళ్ళికి ముందు కొత్త కుండకి మేం ఇట్టాగే సున్నం చుక్కలు పెడతాం. పెళ్ళినాడు కొండ ఊట బుగ్గ నీళ్ళు ఇందులోనే తెచ్చి పెళ్ళికూతురికి పోస్తాం. పోశాక కుండ పగలగొట్టి గుమ్మం ముందు పూడ్చేస్తాం. అది లోపల ఉంటే ఆ ఇల్లు నేలకి అంటుకుని ఉంటుందని. నిన్న నేను పెడుతున్నవి ఈ చుక్కలే! ఇదిగో, వరసలో కడాపటి చుక్కకి తోక లాగి ఉందా లేదా? ఊళ్ళో ఇంకెవరూ లాగరు. మా ఇంటి ఆడవాళ్ళే."

పెంకు చేతులు మారింది. అందరూ ఆ తోక చూశారు. ఉంగరం వేలితో లాగినట్టు, కొస కాస్త పైకి వంగి ఉంది.

కొమరన్న చాలాసేపు చూశాడు. చూసి, ఆ పొర మీదున్న బూడిద వైపు చెయ్యి చూపించాడు. నిలువెత్తు బూడిద అది.

"మరి ఇది పడ్డప్పుడు వాళ్ళేమయ్యారు?"

"ఏమవుతారు? అవ్వ లేచిందని తెలియగానే పడవలెక్కి పోయుంటారు. చల్లారాక తిరిగొచ్చుంటారు" అంది రేవమ్మ. "ఈ తోక మా అమ్మ నాకు నేర్పింది. మా అమ్మకి వాళ్ళమ్మ. వాళ్ళు బతికి రాకపోతే ఇది నా వేలికెట్టా వచ్చిందయ్యా?"

పెంకు మళ్ళీ చేతులు మారింది.

సునేత్రుడు మట్టి చేతులతో అలాగే నిలబడ్డాడు.

"గురువుగారూ" అన్నాడు మెల్లిగా. "అవ్వ ఒకసారి జానెడుకే లేచింది, ఒకసారి మూరెడు దాకా పడుకుంది. ఎప్పుడు లేస్తుందో ఇందులో రాసి లేదండీ."

"లేదు."

"లేవదని కూడా రాసి లేదండీ."

"లేదు."

గురువుగారు పెంకు అడిగి తీసుకుని, సంపెంగి దగ్గరికి వెళ్ళి ఆమె చేతిలో పెట్టారు.

"అమ్మా, నీ కుండకి చుక్కలు పెట్టడం అయిందా?"

సంపెంగి నోట్లోంచి చెంగు తీసింది.

"సగమే అయింది సామీ. మధ్యలో ఆపేశాం."

"సున్నం ఎండిపోతుంది" అన్నారాయన. "వెళ్ళండి."

అందరూ కొమరన్న ముఖం చూశారు. అతను పగడాలు రెక్క ఇంకా వదల్లేదు. మేనల్లుడి ముఖం చూశాడు, పిల్ల ముఖం చూశాడు, కొండ కొస చూశాడు. మీసం దువ్వుకున్నాడు.

"నా పడవొకటి ఇక్కడే వదిలేస్తాను" అన్నాడు చివరికి. "పిల్లకీ పిల్లాడికీ, ఈ ముసలావిడకీ సరిపోతుంది. దాని ముక్కు సముద్రం వైపు తిప్పి కట్టెయ్యాలి. ఎప్పుడూ అలాగే ఉండాలి. నా కళ్ళతో అది చూశాకే తాళి."

"అదేం భాగ్యం మావా!" అంటూనే పగడాలు వాగు గట్టెక్కేశాడు. అప్పటికే ఒడ్డు వైపు పరుగు.

"ఒరేయ్, నడిచి వెళ్ళరా! పెళ్ళి ముందు కాలు విరగ్గొట్టుకుంటావు!" అని కొమరన్న అరుస్తుంటే జనం మళ్ళీ గొల్లుమన్నారు.

తెల్లారి పెళ్ళయింది.

పడవ ముక్కు సముద్రం వైపే ఉంది. కొమరన్న వెళ్ళి తాడు కూడా లాగి చూసుకున్నాడు. సంపెంగికి నీళ్ళు పోసి, కుండ పగలగొట్టి, గుమ్మం ముందు పూడ్చారు. డప్పుల మోతకి కొండ మీద పిట్టలన్నీ లేచిపోయాయి. ఎండ ఇంకా నెత్తి మీదికి రాకముందే భిక్షువులిద్దరికీ విస్తళ్ళు వేశారు. పందిరి కింద ఒక పక్కన గురువుగారు, ఆయన పక్కన సునేత్రుడు, తర్వాత కొమరన్న, ఆ తర్వాత మిగతా పెళ్ళివారు.

సునేత్రుడు తల ఎత్తడం లేదు. పప్పు కలుపుతున్నాడు గానీ నోట్లో పెట్టుకోవడం లేదు. ఈ పెళ్ళి తన వల్ల పోయి ఉండేది. అదే మనసులో తిరుగుతోంది.

"సామీ, అన్నంలో ఏం వెతుకుతున్నారు, అందులోనూ పొరలున్నాయా?" అంది రేవమ్మ పాయసం వడ్డిస్తూ. అని, అతని ఆకులో ఇంకో గరిటె ఎక్కువే వేసింది.

అప్పుడు కొండ మీద గుర్రుమని చప్పుడయింది.

డప్పులు ఆగిపోయాయి. కొస మీద బూడిద రంగు మబ్బు ఒకటి ముద్దగా లేచి, గాలికి ఇటు వాలింది. కాసేపటికి పందిరి సందుల్లోంచి, జల్లెడ పట్టినట్టు, మెత్తగా, సన్నగా బూడిద రాలడం మొదలైంది. పెళ్ళికూతురి పూల మీద రాలింది. కొమరన్న మీసాల మీద రాలింది. అతని చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. పాలిపోయిన ముఖంతో సునేత్రుడి వైపు తిరిగాడు.

పందిట్లో అందరూ సునేత్రుడి వైపే తిరిగారు.

అవ్వకి నిజంగా కోపం వస్తే ముందు బుగ్గ నీళ్ళు కాగుతాయని ఆ ఊరివాళ్ళకి గురి. రేవమ్మ గరిటె పక్కన పెట్టి, అప్పుడే బుగ్గ నుంచి తెచ్చిన బిందెలో మోచేతి దాకా చెయ్యి ముంచింది.

"చల్లగానే ఉన్నాయి!" అని అరిచింది.

అయినా ఎవరూ కదల్లేదు. చూపులన్నీ అతని మీదే. మొన్న చాప మీద కూర్చున్నప్పుడు ఇలాగే చూశారు. అప్పుడు బావుంది.

అతను గురువుగారి వైపు చూశాడు.

ఆయన తలెత్తలేదు. ఎడమ చెయ్యి విస్తరికి గొడుగులా అడ్డం పెట్టుకుని, కుడి చేత్తో పాయసం జుర్రుకుంటున్నారు. గుండు మీద అప్పటికే తెల్లగా బూడిద పేరుకుంది.

సునేత్రుడు కాసేపు ఆయన్నే చూశాడు. తర్వాత తన భుజం మీది వస్త్రం తీశాడు. రెండు చేతులతో చాపి కొమరన్న విస్తరి మీద పందిరిలా పట్టాడు.

"తినండి కొమరన్నా" అన్నాడు. "చల్లారిపోతుంది."

కొమరన్న అతని ముఖంలోకి చూశాడు. ఆ వస్త్రం కింద తల వంచి, చేతిలో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు.

"ఉప్పు సరిపోయింది" అన్నాడు.

ఎవరో ముందు నవ్వారు. తర్వాత అందరూ. ఆడవాళ్ళు చెంగులు, మగాళ్ళు తలగుడ్డలు విప్పి ఒకరి విస్తరి మీద ఒకరు పట్టుకున్నారు. డప్పు మళ్ళీ మొదలైంది. సునేత్రుడికి చేతులు ఖాళీ లేవు, తన పాయసంలో బూడిద పడుతూనే ఉంది. ఈసారి అతను తల ఎత్తే ఉన్నాడు, ముఖమంతా నవ్వే.

గురువుగారు తన విస్తరి మీదున్న చెయ్యి తీసి, శిష్యుడి విస్తరి మీద పెట్టారు.

"రేవమ్మా" అని పిలిచారు. "ఇటు ఇంకాస్త పాయసం."